పదిహేడో టోకెను

పొద్దున్న పెసరట్టు తింటూ ముందురోజు రోగుల గురించి చెప్పడం ధర్మేంద్రకి అలవాటు. రణస్థలంలో హైవేకి ఆనుకుని కింద క్లినిక్కు, మీద ఇల్లు. తొమ్మిదింటికి మెట్లు దిగితే డాక్టరు, ఎక్కితే ఝాన్సీకి మొగుడు, నారాయణమ్మకి కొడుకు. కానీ డాక్టరు గొంతు కిందే వదిలిపెట్టి పైకి రావడం మాత్రం అతనికి ఏనాడూ చేతకాలేదు.

"నిన్న ఒకాయన వచ్చాడు ఝాన్సీ. రెండు రోజులుగా తలనొప్పట. కూర్చోకుండానే, 'మెదడులో గడ్డ కదా సార్, ఏ స్కానింగు రాస్తారు' అన్నాడు. ఎవరు చెప్పారయ్యా అంటే జేబులోంచి ఫోను తీసి చూపించాడు. ముందు ఆ కళ్ళజోడు మార్చుకోవయ్యా అని పంపించాను."

ఝాన్సీ నవ్వింది. "పాపం, భయపడుంటాడు."

"భయం కాదు, అతితెలివి. అందులో చూస్తే తుమ్ముకీ క్యాన్సరే, దగ్గుకీ క్యాన్సరే. నవ్వి ఊరుకోవాలి గానీ నమ్మకూడదు."

వంటగది గుమ్మంలో పీట మీద కూర్చుని చోడి అంబలి తాగుతున్న నారాయణమ్మ గ్లాసు కింద పెట్టింది.

"నిజమేనేటి నాన్నా? అన్నీ అబద్దాలేనేటి?"

"నూటికి తొంభై అమ్మా" అన్నాడు అతను చెయ్యి కడుక్కుంటూ. ఆమె వైపు చూడలేదు. "అందుకేగా కింద బోర్డు పెట్టాను."

ఆ బోర్డు అతను ముచ్చటపడి రాయించినది. 'ఫోనులో రోగం చూసుకుని వచ్చినవారు మందు కూడా ఫోనునే అడగగలరు.' బెంచీల మీద కూర్చున్నవాళ్ళు అది చదివి ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకునేవారు. డాక్టరుబాబు మాట కరుకు, చెయ్యి మంచిది అని చుట్టుపక్కల పేరు.

అతను మెట్లు దిగిపోయాక కూడా నారాయణమ్మ చాలాసేపు ఆ పీట మీదే ఉంది. ఆమెకి అరవై నాలుగేళ్ళు. ఆరేళ్ళ కిందట భర్త జగన్నాధం పోయాక పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఆ వేళ ఆసుపత్రికని భర్తని ఆటోలో ఎక్కిస్తుంటే, "తలుపు గెడెట్టుకో, సాయంత్రానికొచ్చెత్తాను" అన్నాడు. రాలేదు. ఎవరైనా గడప దాటి వెళ్తుంటే ఆమె ఇప్పటికీ లోపల లెక్కపెట్టుకున్నట్టు చూస్తుంది. కొడుకు మెట్లు దిగేటప్పుడు కూడా.

పదకొండు గంటలకి మేడమీద ఆరబెట్టిన వడియాలు తిరగెయ్యడానికి వెళ్ళి, దిగుతూ మూడో మెట్టు మీద కూలబడిపోయింది. ఝాన్సీ పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి లేపింది. ముదురు నీలం చీర. అందుకే మొదట కనబడలేదు. మెట్టు మీద నెత్తురు కనబడింది.

"అత్తయ్యా! ఏంటిది?"

"ఏటీ నేదు. అరవకు తల్లీ. కిందన జనముంటారు."

గదిలో మంచం మీద పడుకోబెట్టి, మార్చడానికి గుడ్డ కోసం ట్రంకుపెట్టె తెరిచింది ఝాన్సీ. అత్తగారి పాత నూలు చీరలు ఉండాలి అందులో. ఒక్కటీ లేదు. చీరలన్నీ చించి, జానెడు జానెడు ముక్కలుగా మడిచి, ఇస్త్రీ చేసినట్టు దొంతర పెట్టి ఉన్నాయి. ఆవిడ తెల్లారకుండా లేచి తన బట్టలు తనే ఉతుక్కోవడం, వాషింగ్ మెషీన్లో వెయ్యమంటే "నా చీరలకి అదేటికి" అనడం, వేసవిలో కూడా ముదురు రంగులే కట్టడం అన్నీ ఒక్కసారిగా ఝాన్సీకి అర్థమయ్యాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా ఎల్లిన కాడినుంచి."

"ఎనిమిది నెలలు! అత్తయ్యా, మీకు ఆగిపోయి పదేళ్ళు దాటలేదూ?"

"పదకొండు."

"ఆయనకి చెప్పకపోతే ఎలా?"

"మగపిల్లోడికి సెప్పుకునేదేటి ఇది?"

"నాకు చెప్పొచ్చు కదా!"

"నీకు సెప్తే నువ్వాడికి సెప్పవేటి? మరెవలికి సెప్పుకుంటాను. దానికే సెప్పుకున్నాను" అని తలగడ వైపు చూసింది.

తలగడ కింద ఫోను ఉంది. భక్తి పాటలు వినడానికని ఝాన్సీ ఇచ్చిన పాత ఫోను. బొత్తాం నొక్కి నోటితో అడగొచ్చు గానీ పక్కగదిలో వినబడుతుందని, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుని రాసినట్టుంది. 'ముట్టు ఆగి పదకొండేళ్లు అయాక మల్లి కనబడితె ఏమి.' అదే ప్రశ్న పద్దెనిమిదిసార్లు ఉంది, నెలకి రెండుసార్లో మూడుసార్లో. ప్రతిసారీ పైనున్న జవాబు ఒకటే: వెంటనే స్త్రీ వైద్య నిపుణురాలికి చూపించుకోండి, కొందరిలో ఇది గర్భసంచి క్యాన్సరుకి గుర్తు కావచ్చు. దాని కింద ఒక వీడియో. బొట్టు పెద్దగా పెట్టుకున్న ఒకావిడ, ఒంట్లో వేడి తప్ప ఇంకేం కాదని, మెంతులూ ధనియాలూ నానబెట్టిన నీళ్ళు మండలం రోజులు తాగితే చాలని చెబుతోంది. ఆ నీళ్ళు అత్తగారు పరగడుపున తాగడం ఝాన్సీ రోజూ చూసింది. "సుగరు రాకుండా" అని చెప్పేది. రోజూ చూసింది, రోజూ భర్త జోకులకి నవ్వింది.

రెండింటికి క్లినిక్కు కట్టేసి ధర్మేంద్ర పైకి వచ్చాడు. కింద జనం పోయేదాకా అత్తగారు కదలనివ్వని ఝాన్సీ అతన్ని పక్కకి పిలిచి నాలుగు మాటల్లో చెప్పింది. అతను భోజనం బల్ల దగ్గరే నిలబడిపోయాడు. తర్వాత తల్లి గదిలోకి వెళ్ళాడు. వెళ్ళింది కొడుకే గానీ బయటికి వచ్చిన గొంతు కిందదే.

"బుద్ధుందా అమ్మా నీకు? ఇంట్లో డాక్టరుని పెట్టుకుని ఎనిమిది నెలలు మెంతినీళ్ళు తాగుతావా? చదువుకోనివాళ్ళని తిడుతున్నాను నేను! నా ఇంట్లోనే ఇంత మూర్ఖత్వం పెట్టుకుని!"

"మెల్లగా నాన్నా."

"ఏం మెల్లగా? ఒక్క మాట చెబితే గంటలో శ్రీకాకుళంలో ఆడ డాక్టరు దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి కాదా? నేను చూడక్కర్లేదు, నాకు చూపించక్కర్లేదు. ఫోన్నే నమ్మావు గానీ నన్ను నమ్మలేదు!"

నారాయణమ్మ మంచం మీద లేచి కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది గానీ గొంతు వణకలేదు.

"ఫోన్ని నమ్మినానా? ఆ ఫోను మొదటిరోజే క్యాన్సరంది రా. పద్దెనిమిది మాట్లు అడిగినాను, పద్దెనిమిది మాట్లూ అదే అంది. ఇసుక్కోలేదు, ఎటకారం సెయ్యలేదు. బేగి ఎల్లి సూపించుకోమంది. నువ్వేటన్నావు? అందులో క్యాన్సరంటే నవ్వి ఊరుకోమన్నావు. రోజూ ఆ పెసరట్టు తింటా అన్నావు. నీ మాటే నమ్మినాను. పెద్ద డాక్టరు నా కొడుకు, ఆడు అబద్దమంటే అబద్దమే అనుకున్నాను. ఇందాక పొద్దున్న కూడా అడిగినాను. నువ్వు నా మొకమైనా సూసినావేటి?"

"నీ గురించి అని నాకేం తెలుసు?" అన్నాడు ధర్మేంద్ర.

"నా గురించని సెప్పడానికి కిందకొచ్చినాను" అంది ఆమె.

"ఎప్పుడు?"

ఆమె తలగడ పక్కనున్న కళ్ళజోడు పెట్టె తెరిచింది. కళ్ళజోడు గుడ్డ కింద, నాలుగు మడతలు పడ్డ చిన్న పసుపుపచ్చ అట్టముక్క. దాని మీద క్లినిక్కు ముద్ర, కాంపౌండరు కూర్మయ్య వంకరరాత. పదిహేడు.

"దీపాలి ఎల్లిన సోమవారం. నాకూ ఒక నెంబరు సీటీ ఇయ్యవయ్యా అంటే కూర్మయ్య నవ్వీసి ఇచ్చినాడు, ముసల్ది ఆటలాడతన్నాదనుకున్నాడు. బెంచీ మీద అందరితోటీ కూకున్నాను. పైనయితే నువ్వు నా కొడుకువి, సెప్పలేను. కిందయితే డాక్టరువి కదా, సెప్పీగలననుకున్నాను. పదహారో నెంబరు లోపలున్నాది. ఎచ్చెర్ల వైపు మనిషి, నా కన్నా సిన్నది. ఫోన్లో సూసినాను బాబూ, క్యాన్సరేమోనని బెంగగున్నాది అన్నాది. నువ్వేటన్నావో గుర్తున్నాదా?"

అతనికి గుర్తులేదు. అలాంటివి వారానికి పదిమందితో అంటాడు.

"'ఫోను చెప్పిందా, అయితే ఆపరేషను కూడా దాన్నే చెయ్యమను' అన్నావు. తలుపు తీసే ఉన్నాది. బెంచీ మీద అందరూ ఒకటే నవ్వు. నానూ నవ్వినాను రా, నవ్వకపోతే కనిపెట్టేస్తారని. ఆ మనిషి పైటతో మొకం తుడుసుకుంటా బయటికొచ్చింది. కూర్మయ్య పదిహేడూ అన్నాడు. లెగిసి పైకొచ్చీసినాను."

గుమ్మంలో ఝాన్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"పోనీ ఇంకో డాక్టరు దగ్గరికైనా..." అన్నాడు ధర్మేంద్ర. ఆ గొంతు ఇప్పుడు కిందది కాదు.

"ఎలగ ఎల్లేది? మోకాలికి మన ఊరి సూరయ్య దగ్గర సూది ఏయించుకున్నానని రెండురోజులు నాతో మాటాడినావేటి? డాక్టరు తల్లివై ఉండి సూదిమందుగాడి దగ్గరికా, నా పరువేం కాను అన్నావు. అమ్మకి రోగమొస్తే నీ పరువు పోతాదని తెలిసినాక మరి ఎవలి గుమ్మం ఎక్కుతాను?"

మర్నాడే విశాఖపట్నం బయలుదేరారు. భోగాపురం దాటాక కారు కిటికీలోంచి చూస్తూ నారాయణమ్మ అంది.

"ఆరో తరగతిలో నిన్ను విజయనగరం హాస్టల్లో దింపినప్పుడు నా సీర వదల్లేదు నువ్వు. నీ సేతి ఏళ్ళు ఒక్కొక్కటీ ఇడిపించి వచ్చీసినాను. నొప్పొస్తే వార్డెను బాబుకి సెప్పు, నాకు రాస్తే నానేటి సెయ్యగలను అన్నాను. నీ ఉత్తరాలు ఊళ్ళో ఎవలిసేతో సదివించుకోడం ఇష్టం నేక, సెనక్కాయల పొట్లాల కాగితాలు ముందరెట్టుకుని అచ్చరాలు నేర్సుకున్నాను. తీరా సదివితే అన్నిట్లోనీ ఒకటే ముక్క. నేను బాగున్నాను. పదిరోజులు జొరంతో పడుకున్నావని తరవాతెప్పుడో తెలిసినాది."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"నువ్వు రాసినట్టే నానూ సెప్పినాను. బాగున్నానని."

పరీక్షలకి వారం పట్టింది. ముక్క తీసి పంపారు, స్కానింగులు తీశారు. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కాగితాలు ధర్మేంద్ర వైపు తిప్పింది. అతను చదువుకున్నాడు. జబ్బు గర్భసంచి దాటింది. "కాస్త ముందు తీసుకొచ్చుంటే..." అని ఆమె మొదలుపెట్టి, ఎదుట ఉన్నది తన వృత్తివాడే అని గుర్తొచ్చి ఆగిపోయింది. ఆగిపోకుండా తిట్టినా బాగుండేదనుకున్నాడు అతను.

ఇంటికి వచ్చిన సాయంత్రం ధర్మేంద్ర తనే స్టూలు వేసుకుని బోర్డు ఊడదీశాడు. కూర్మయ్య స్టూలు పట్టుకుని, "అమ్మగోరు సరదాకి సీటీ అడిగారనుకున్నాను బాబూ ఆ వేళ. నాకేటి తెలుసు" అని పదోసారి చెప్పుకున్నాడు. బోర్డు పోయింది గానీ వెలిసిన గోడ మీద అది ఉన్నంత మేరా రంగు నిగనిగలాడుతూ మిగిలింది. ఆ గోడకి ఎదురుగానే రోగుల బెంచీలు.

మందు ఎక్కించే మొదటి రోజు విశాఖపట్నం ఆసుపత్రిలో తల్లీకొడుకులు వరసలో కూర్చున్నారు. నారాయణమ్మ చేతిలో టోకెను ఉంది. ఇరవై రెండు. ధర్మేంద్ర ఫోను చూసుకుంటున్నాడు. ఈ జబ్బు గురించి పదిహేనేళ్ళ కిందటే పుస్తకంలో చదివి పరీక్ష రాశాడు. ఈ దశలో ఎంతమంది, ఎన్నేళ్ళు, అన్నీ తెలుసు. అయినా వేలు ఆగడంలేదు. ఒక పేజీ మూసి ఇంకొకటి, అది మూసి ఇంకొకటి. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు వేరే మాట చెప్పకపోతారా అని.

నారాయణమ్మ కళ్ళజోడు సర్దుకుని తొంగిచూసింది. తనకి రాని అక్షరాలు.

"ఇంగిలీసులో అడిగితే మంచి జవాబు వస్తాదేటి రా?"

అతను ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. పదేళ్ళప్పుడు హాస్టలు గేటు దగ్గర పట్టుకున్నట్టే ఆమె చీరకొంగు వేళ్ళకి చుట్టుకున్నాడు. వరసలో పదిమంది చూస్తున్నారు. చూడనిచ్చాడు.

"మొదటిరోజు నుంచి చెప్పమ్మా. ఏమైందో."

"ఇప్పుడేటికి నాన్నా? కాగితాల్లో రాసీసినారు కదా."

"కాగితాల్లో లేదు. నువ్వు చెప్పు. నేను వింటాను."

నారాయణమ్మ కొడుకు మొహం వైపు చూసింది. అతను కూడా చూస్తున్నాడు. టోకెను రెండు చేతుల మధ్యా పెట్టుకుని ఆమె మెల్లగా మొదలుపెట్టింది.

"దసరా ఎల్లిన బేస్తవారం. పెసలు ఏరతన్నాను. ఝాన్సీ బజారుకెల్లింది. నడుములో ఏదో పట్టీసినట్టు..."

"ఇరవై రెండు" అని నర్సు పిలిచింది.

నారాయణమ్మ మాట ఆపి లేవబోయింది. అతను కొంగు వదల్లేదు.

"నడుములో పట్టేసినట్టు... తర్వాత?" అన్నాడు.

"ఇరవై రెండు ఎవరండీ?" అని నర్సు మళ్ళీ కేకేసింది.