ఎడమ బూటు

"ఈ సైకిల్ ఎవరికైనా అమ్మిపెట్టండి. ఇక నేను తొక్కను."

షాపు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అన్న మాటకి మెకానిక్ చేతిలోని స్పానర్ జారి సరిగ్గా బొటనవేలి మీదే పడింది. కుయ్యిమనే ధైర్యం కూడా లేకపోయింది.

"మరి ఆదివారం రేసు?"

"ఎడమ మోకాలు ఒప్పుకుంటేగా! మూడు వారాలుగా పెడల్ తొక్కినప్పుడల్లా లోపల సూదితో పొడిచినట్టుంది. నా కాలే వంకర మాస్టారూ. మీరేం చేస్తారు, పాపం!"

బూట్లు కౌంటర్ మీద పెట్టి, వెళ్లి కుర్చీలో కూలబడింది.

అతను ఎడమ బూటు తిప్పి చూశాడు. పెడల్‌ని పట్టుకోవడానికి బూటు అడుగున ఉండే బిళ్ళ పక్కకి తిరిగి ఉంది. అది ఎటు తిరిగితే పాదం అటే తిరుగుతుంది. పాదం బయటికి పోతే మోకాలు లోపలికి నలుగుతుంది. నిమిషానికి ఎనభై సార్లు. మూడు వారాలు.

బిగించింది తనే.

మరలు తిప్పే అలెన్ కీ చేతికందేంత దూరంలోనే ఉంది. రెండు మరలు వదులు చేసి తిప్పితే అర నిమిషం పని. ఎవరికీ తెలియదు. పైగా 'మీ చేతిలో ఏదో మహిమ ఉంది మాస్టారూ' అంటుంది.

కీ మరలో పెట్టేశాడు కూడా.

"ఒరేయ్," షాపు యజమాని అయిన పెద్దమ్మ కళ్ళజోడు పైనుంచి చూస్తూ గుసగుసలాడింది. "బిళ్ళ సరే, తిప్పేస్తావు. ఆ పిల్ల తన కాలుని తిట్టుకోవడం ఎవరు ఆపుతారు?"

అతనికి తల కొట్టేసినట్టయింది. బూటు పట్టుకుని వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. కళ్ళు నేల మీదే.

"మీ కాలు వంకర కాదండీ. బిళ్ళ నేనే తప్పుగా బిగించాను. ఇప్పుడు కూడా గుట్టుగా సరిచేసేద్దామనుకున్నాను."

ఆమె కుర్చీలోంచి లేచింది.

"రోజూ పొద్దున్నే ఏడ్చాను, తెలుసా? కుడిది సరిగ్గా పెట్టిన మనిషి ఎడమది ఎలా తప్పాడు?"

"కుడిది పెట్టేటప్పుడు మీరు ఫోన్ చూసుకుంటున్నారు. ఎడమది పెట్టేటప్పుడు... నవ్వారు."

"ఓహో! తప్పు నా నవ్వుదా?"

"అయ్యో, కాదండీ! పాదం వదిలేసి అటు చూసిన నాది."

పెద్దమ్మ గట్టిగా దగ్గింది.

"ఈ రేసు ఎలాగూ పోయింది. మీ వల్లే," అంటూ ఆమె బూటు లాక్కుని తొడుక్కుంది. "వచ్చే రేసు దాకా రోజూ ఉదయం నా వెనకాలే తొక్కుతూ రావాలి. మోకాలు పక్కకి పోతే అరవాలి. ఊఁ, సైకిల్ స్టాండుకి ఎక్కించండి. ఈసారి నేను నవ్వను. మీరు పాదమే చూడండి."

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బూటు మీంచే ఆమె బొటనవేలి మొదట్లో ఎముక తడిమి, పెన్సిల్‌తో గీత పెట్టి, బిళ్ళ బిగించాడు. మళ్ళీ కొలిచాడు. ఆమె సైకిలెక్కి తొక్కింది. మోకాలు ఇటూ అటూ పోకుండా నిటారుగా లేచి దిగుతోంది. అయినా పాదం మీంచి చూపు తిప్పలేదు.

"మాస్టారూ, పనైపోయింది. ఇక తలెత్తొచ్చు."

ఎత్తాడు.

ఆమె మాట తప్పేసింది.