నిచ్చెన కట్టు గిటారు

మూడో గిటారు కూడా వాపసు వచ్చేసరికి రవణమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది.

బొబ్బిలి బజారులో మిట్టమధ్యాహ్నం. లారీలు, ఆటోలు, ఇనుప కొట్ల సుత్తులు అన్నీ చప్పుడు లేకుండా తమ పని తాము చేసుకుపోతున్నాయి. ఊరు మూగబోలేదు. ఒక్కరు తప్ప ప్రతి మనిషి చెవిలోనూ వినుపూస ఉంది. శనగగింజంత ఉండే ఆ పూస మాటను, పాటను లోపలికి పంపి, రొదను గుమ్మంలోనే ఆపేస్తుంది. పోయిన ఉగాదికి దానికి కొత్త వడపోత వచ్చాక కుక్క మొరిగినా, కుక్కర్ కూసినా ఎవరికీ తెలియడం లేదు. తలనొప్పి మాత్రలు కదలడం లేదని మందుల కొట్టువాడు ఒక్కడే ఏడుస్తున్నాడు.

సరుకు ఒకసారి తిరిగొస్తే కొన్నవాడి తప్పు, రెండోసారి వస్తే దారిలో తప్పు, మూడోసారి కూడా వస్తే చేసినవాడి తప్పు. ఇది ముప్ఫై ఏళ్లుగా గిటార్ల కొట్టు నడుపుతున్న రవణమ్మ లెక్క. చేసినవాడేమో స్వయానా అక్క మొగుడు. ఆమె గిటారు పెట్టె చంకన పెట్టుకుని షెడ్డులోకి నడిచింది.

"బావా, ఇదీ వచ్చేసింది."

సింహాద్రి చిత్రిక పట్టడం ఆపలేదు. అరవై ఎనిమిదేళ్లు. వినుపూస పెట్టుకోని మనిషి ఊళ్లో ఆయనొక్కడే. కర్ర చెప్పేది మధ్యవర్తి నోట విననంటాడు.

"ఏటి రోగమట?"

"మూగదట. మీటితే పలకదట."

"మీటినవాడికి చేతులున్నాయా?"

"వెటకారానికేం తక్కువ లేదు. నేనూ మీటి చూశాను. బల్ల మీద ఈగ వాలినంత చప్పుడు కూడా లేదు."

మామూలు గిటారుకు పైపలక కింద బలం కోసం అతికించే బద్దలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతాయి. దాని నాదం తీగసాగుతుంది. సింహాద్రి బద్దలను నిచ్చెన మెట్లలా అడ్డంగా అతికిస్తాడు. అప్పుడు స్వరం పొడిగా, ముక్కుతో పలికినట్టు చటుక్కున లేచి అంతలోనే ఆగిపోతుంది. ఎన్నో తరాల కిందట అమెరికాలో నల్లజాతి కూలీలు పాడుకున్న బ్లూస్ పాటలకు ఆ గొంతే కావాలని మోజుపడేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లందరికీ అది దొరికేది ఈ షెడ్డులోనే.

రవణమ్మ గొంతు సవరించుకుంది. "రేపు అచ్చుయంత్రం దిగుతోంది. గంటకో గిటారు పోత పోస్తుందట. నువ్వింక కుర్చీలో కూర్చుని అజమాయిషీ చూసుకో బావా."

"కూర్చోబెట్టాక దండ కూడా వేస్తావా?"

"నా వ్యాపారం నిలబడాలి కదా!"

సింహాద్రి చిత్రిక కింద పెట్టాడు. "సరే, దిగిపోతాను మరదలా. దిగేముందు ఒక్కసారి దవడ ఆనించు."

అది ఆ షెడ్డు పద్ధతి. బద్దను పొరపొరగా పలచన చేస్తూ, పొర తీసినప్పుడల్లా గిటారు అంచుకు దవడ ఆనించి తీగ మీటుతారు. చెవి మొహమాటపడుతుంది గానీ ఎముక అబద్ధం ఆడదని వాళ్ల నమ్మకం. కొట్టు గల్లా దగ్గర కూర్చున్నప్పటినుంచి రవణమ్మ ఆ పని మానేసింది. పెద్దాయన మాట కాదనలేక ఆనించింది. మీటింది.

దవడలోంచి తల నిండా స్వరం లేచింది. పొడిగా, పెడసరంగా, ముసలి గొంతు ఒక్క మాట అనేసి నోరు మూసుకున్నట్టుగా ఉంది. దవడ తీసి మీటింది. ఏమీ లేదు. మళ్లీ ఆనించింది. ఉంది!

ఆమె గబగబా రెండు చెవుల్లోంచీ పూసలు పీకేసింది. మీటింది. షెడ్డంతా పలికింది.

"బావా! దీని తప్పు కాదు, నీ తప్పు కాదు. చటుక్కున లేచి ఆగిపోతోంది కదా, పూస దీన్ని సుత్తిదెబ్బ అనుకుని ఆపేస్తోంది!"

గుండెల మీంచి పనస దుంగ దించినట్టయింది. నవ్వబోయింది. అప్పుడే ఆమె చెవిన ఇంకో చప్పుడు పడింది. బావిలో రాళ్లు దొర్లినట్టు దగ్గు. సింహాద్రి బల్ల పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నాడు.

"ఎన్నాళ్లనుంచి ఇది?"

"ఉగాది వెళ్లినప్పటినుంచీ."

"చెప్పవేం?"

"ఇంకెలా చెప్పాలి? రోజూ మీ ముందే దగ్గుతున్నాను. మీ అక్క పక్కన కూర్చుని అన్నం పెడుతుంది. ఏటని ఒక్కరోజూ అడగలేదు. విసిగిపోయారేమో అనుకున్నాను."

రవణమ్మ అరచేతిలోని పూసల వంక చూసుకుంది. ఆ సాయంత్రమే అక్కనూ బావనూ విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"చెక్కపొట్టు ఊపిరితిత్తులకు పట్టింది," అంది డాక్టరమ్మ. "మచ్చ పడలేదు. వానాకాలం దాకా ఆగుంటే చెయ్యి దాటిపోయేది. మూడు నెలలు పొట్టుకు దూరంగా ఉంటే చాలు."

అక్క పైడమ్మ అక్కడే పూసలు తీసి కొంగున ముడేసుకుంది. "పక్కనే ఉన్నానయ్యా," అంటూ ఆయన చెయ్యి వదల్లేదు.

అచ్చుయంత్రం వచ్చిన లారీలోనే వెనక్కి పోయింది. వాపసు వచ్చిన గిటార్లు మాత్రం 'పూస తీసి మీటండి' అన్న చీటీతో మళ్లీ బయలుదేరాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

నాలుగో నెల సింహాద్రి ముక్కుకు గుడ్డ కట్టుకుని మళ్లీ బల్ల ముందు కూర్చున్నాడు. పని మధ్యలో ఒకసారి దగ్గు వచ్చింది.

షెడ్డు వెనక వంటింట్లోంచి పైడమ్మ కేకేసింది. "గుడ్డ జారిందా? సరిగ్గా కట్టుకో! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆయన కట్టుకున్నాడు. నాలుగు పొరలు తీశాడు. ఈసారి దగ్గు రాలేదు. అయినా దగ్గాడు.

"వినబడిందిలే, మహానుభావా!" అంది పైడమ్మ.