గ్లాసు దూరని జాలీ

తెల్లారకముందే దివాకర్ దొడ్లో ఉన్నాడు. ఏడాది కిందటైతే ఆయన్ని ఎనిమిదింటికి లేపాలన్నా తల్లి రామసుబ్బమ్మకు తల ప్రాణం తోకకొచ్చేది. భార్య నాగరత్న పోయి రెండేళ్లు. మొదటి ఏడాదంతా ఆయనకు మంచం, గోడ, అంతే లోకం. ఇప్పుడు ఎవరూ లేపకుండానే లేస్తున్నాడంటే కారణం రెండు పొట్టిజాతి గుర్రాలు. మనిషి నడుమెత్తు కూడా లేని బెల్లం, దానికంటే బెత్తెడు తక్కువున్న కొర్ర. ఆ సంగతి ఆయన మాత్రం ఒప్పుకోడు. ఎవరైనా అడిగితే, "పాప తెచ్చింది, నేను మేపుతాండా" అని ఊరుకుంటాడు.

పాప అంటే కూతురు హేమ. నల్లమాడలో పశువుల డాక్టరు దగ్గర పని చేస్తుంది. బెంగుళూరు రోడ్డులో ఒక రిసార్టు మూతపడితే, గడ్డి వేసే దిక్కులేక నిలబడ్డ ఈ రెండింటినీ చూడలేక ఆటోలో ఎక్కించుకొచ్చేసింది. ఊళ్లోవాళ్లు ఇప్పటికీ, "ఏమప్పా దివాకరా, ఏడాదైపాయ, ఎప్పుడు పెరుగుతాయి నీ గుర్రాలు?" అని అడుగుతూనే ఉన్నారు. గుర్రమన్నాక ఎదగకుండా ఎలా ఉంటుందని వాళ్ల బాధ.

పోయిన నెల ఊరకుక్కలు కొర్రను తరిమాయి. అప్పటినుంచి ఇంట్లో కంచె గొడవ మొదలైంది. చేనికి పందులు రాకుండా తెచ్చిన ముళ్లతీగ చుట్ట మిగిలి ఉంది, అది చుట్టేద్దామన్నాడు దివాకర్. హేమ ఒంటికాలి మీద లేచింది.

"ముళ్లతీగ మాట ఎత్తొద్దు నాయనా. గుర్రం బెదిరిందంటే ముందూ వెనకా చూడదు, పోయి దాని మీదే పడుతుంది. తోలు చీరుకుపోతుంది."

అల్లిక జాలీ చూశారు. గుర్రం ఒళ్లు రుద్దుకుంటే నాలుగు రోజుల్లో సాగిపోతుంది. కిందినుంచి పైదాకా సన్న కన్నాలున్న జాలీ అడిగితే ఆ ధర విని ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. చివరికి కదిరిలో మారెప్ప కొట్లో దారి దొరికింది. వెల్డింగు చేసిన గట్టి జాలీ పలకలు. ఒక అంచున రెండంగుళాల కన్నాలు, అక్కడినుంచి పోనుపోనూ పెద్దవై, రెండో అంచుకు వచ్చేసరికి అరడుగు. ఇనుము తక్కువ పడుతుంది కాబట్టి ధరా తగ్గింది. శుక్రవారం పలకలు దిగాయి. ఆదివారం తాను దగ్గరుండి బిగిస్తానంది హేమ.

దివాకర్ అంతవరకు ఆగితే కదా! శనివారం కూతురు పనికి వెళ్లగానే పక్కింటి లక్ష్మన్నను పిలిచి, పొద్దు గుంకేలోపు దొడ్లో పాతిన రాతి కూసాలకు పలకలన్నీ బిగించేశాడు. హేమ అలిసిపోయి చీకటి పడ్డాక వచ్చి, ఇంత తిని పడుకుంది. పొద్దున్నే చూసి మురిసిపోతుందిలే అని ఆయన నోరు మెదపలేదు. ఇదిగో, ఇప్పుడు గుర్రాలను కంచెలోకి వదిలి, కూతురు ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు.

బెల్లానికి కొత్త చోటు నచ్చింది. కంచె పక్కనే ఇసుకలో పడి హాయిగా దొర్లింది. దొర్లుతుండగా వెనక కాలు జాలీ కన్నంలో దూరింది.

"పాపా! బిరీన రా!"

ఆ కేకకు హేమ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. బెల్లం వెల్లకిలా పడి గింజుకుంటోంది. దివాకర్ ఇసుకలో కూలబడి ఆ కాలిని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"కదలనీకు నాయనా, అట్లే పట్టుకో!"

కటింగ్ ప్లేయరు తెచ్చి రెండు కడ్డీలు తుంచేసరికి ఆమె చేతులు బొబ్బలెక్కాయి. కాలు బయటికొచ్చింది. చర్మం గీరుకుని కాస్త నెత్తురు కారింది గానీ ఎముకకేమీ కాలేదు. బెల్లం లేచి నిలబడి, ఒళ్లు దులుపుకుంది. అప్పుడు హేమ కంచె వైపు చూసింది.

"సన్న కన్నాలు పైన ఉండాయే! తలకిందులుగా కట్టినావు నాయనా!"

"తలకిందులు యాడుండాది? తల ఉండేది పైనే గదా. తల ఇరుక్కోకుండా సన్నవి పైకి పెట్టినా."

"అది మేకకు! మేకకు తల ఇరుక్కుంటాది, గుర్రానికి కాలు!"

దివాకర్‌కు పొరపాటు అప్పుడు తెలిసింది. నలభై ఏళ్లు మేకల్ని సాకినవాడు. తన జీవితంలో కట్టిన ప్రతి కంచే మేక తల కోసం కట్టిందే. జీవాలకు మరో తీరు ప్రమాదం ఉంటుందని ఆయనకు తట్టనే లేదు.

"ఎండలో నీకు కష్టమని..." అన్నాడు మెల్లగా.

"నన్నొక మాట అడిగింటే ఏమైపోయేది? నువ్వు ఈడ లేకుంటే కాలు విరిగిపోయేది. కాలు విరిగిన గుర్రాన్ని సూదేసి చంపేస్తారు. అది నేను చూసినా, నువ్వు చూడలేదు!" హేమ కటింగ్ ప్లేయరు కింద పడేసింది. "వద్దులే. దేవనహళ్లి దగ్గర ఒకాయన గుర్రాల ఫారం పెట్టినాడు, ఎప్పటినుంచో అడుగుతాండాడు. ఈ పొద్దే ఫోన్ చేసి పంపించేస్తా. నీకేమి, పాప తెచ్చింది అని మేపుతాండావు, అంతే గదా."

"నీ ఇష్టం" అన్నాడు దివాకర్.

ఏ మాట అనకూడదో సరిగ్గా అదే వచ్చింది. ఆయనకు బాధ కలిగినప్పుడల్లా నోటికొచ్చేది ఆ ఒక్క మాటే. హేమ ఫోన్ తీసింది.

గడపలో నిలబడి అంతా వింటున్న రామసుబ్బమ్మ లోపలికి వెళ్లి, ఒక స్టీలు గ్లాసు పట్టుకొచ్చింది. బెల్లం కాలెత్తి, గిట్ట పక్కన గ్లాసు అడుగు పెట్టి చూసింది. రెండూ ఒకటే కొలత. తర్వాత కంచె దగ్గర గొంతుకూర్చుని గ్లాసును కింది కన్నంలోకి తోసింది. అవతలికి జారిపోయింది. లేచి పై కన్నానికి ఆనించింది. దూరలేదు.

"చూస్తివా దివాకరా? గ్లాసు దూరితే గిట్ట దూరినట్లే. తిప్పి కడితే అయిపాయ. దీనికి గుర్రాల్ని పంపేదెందుకు?" మనవరాలి వైపు తిరిగింది. "ఆ ఫోన్ పక్కన పెట్టు మే. రేయ్, ఇప్పుడన్నా నోరు తెరిచి చెప్పు. చెబితే నోరేమీ అరిగిపోదు."

దివాకర్ తల్లి చేతిలోని గ్లాసు చూశాడు. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనబడింది. నాగరత్న. రెండేళ్లుగా అల్మారాలో బోర్లించి ఉన్న గ్లాసు అది. ఎవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు.

"మీ అమ్మ పోయినాక, తెల్లారుతాందంటే భయమేసేది పాపా" అన్నాడు, నేల చూస్తూ. "లేచి ఏం చేయాల, ఎవురితో మాట్లాడాల అని. ఇవి వచ్చినాక, గడ్డి వేయలేదని అరుస్తాయి గదా... ఆ అరుపుకు లేస్తాండా. అదొక్కటే నన్ను లేపింది. నువ్వు వీటిని తెచ్చి నన్ను బతికించినావు తల్లీ. ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది, చెప్పలేకపోయినా. పంపొద్దు."

హేమ ఏడ్చేసింది. ఇన్నాళ్లూ నాయన తన కోసం వీటిని భరిస్తున్నాడనుకుంది. "నాకు తెలీదు నాయనా" అంటూ ఆయన మట్టి చేతులు పట్టుకుంది.

లక్ష్మన్న మళ్లీ వచ్చాడు. "నిన్న బాగానే కడితిమి గదప్పా!" అని గొణుగుతూనే పలకలు విప్పాడు. తండ్రీకూతుళ్లు ఒక్కొక్కటి తిప్పి బిగించారు. తెగినచోట రెండు కడ్డీలు కట్టారు. రామసుబ్బమ్మ వెనకాలే గ్లాసుతో తిరుగుతూ ప్రతి పలకనూ పరీక్షించింది. గేటు సందులో గ్లాసు దూరితే, అక్కడ చెక్క కొట్టేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

మధ్యాహ్నానికి పని ముగిసింది. కాలికి మందు రాయించుకున్న బెల్లం లోపలికి వెళ్లి, పొద్దున పడ్డచోటే మళ్లీ ఇసుకలో దొర్లింది. అందరూ ఆ కాలి వైపే చూశారు. గిట్ట టంగుమని జాలీకి తగిలి వెనక్కి వచ్చేసింది. హేమ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

రామసుబ్బమ్మ కాఫీ తెచ్చింది. లక్ష్మన్నకు ఒక గ్లాసు, హేమకు ఒకటి. కడిగి తెచ్చిన నాగరత్న గ్లాసు కొడుకు చేతిలో పెట్టింది. దివాకర్ ఆ పేరు మీద ఒకసారి బొటనవేలితో తడిమి, తాగాడు.

లక్ష్మన్న కంచెను ఎగాదిగా చూశాడు. "అంతా బాగుండాది గానీ దివాకరా, రేపు అవి పెరిగితే ఈ ఎత్తు చాలదప్పా."

దివాకర్ గుర్రాలను చూశాడు, కూతురిని చూశాడు.

"పెరగవు లక్ష్మన్నా. మాకు ఇంతే చాలు."