శివాజీ చెప్పిన తప్పుడు పేరు

"మీ పేరు చెప్పండి."

శివాజీకి చిర్రెత్తుకొచ్చింది. ఈ నర్సు పిల్ల నిన్న పొద్దున అడిగింది, సాయంత్రం అడిగింది, ఇప్పుడు మళ్లీ. కాలు విరిగి పడుకున్నవాడు ఈ పిల్ల కోసమే పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. ఆమె మాత్రం అతని మొహం చూడదు, చేతిలో ట్రేనే చూస్తుంది.

ఆ పిల్ల ప్రసూన. పక్కనున్న బిల్హా నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. శివాజీ రైలింజనులో డ్రైవరు పక్కనుండే డీజిల్ అసిస్టెంటు. 1991 జూలై వానల్లో ఇంజను మెట్ల మీద జారి ఈ ఆసుపత్రిలో పడ్డాడు. ఇక్కడి హిందీవాళ్లకి మన తెలుగువాళ్లంతా "రావుజీ"లే. అందుకని ఒకరి మందు ఇంకొకరికి పోకుండా ప్రసూన ప్రతిసారీ పూర్తి పేరు అడుగుతుంది. ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు పాపం.

ఆ రోజు కప్పు కారుతోందని వార్డులో మంచాలు అటూ ఇటూ జరిపారు. గోడకి తగిలించిన కేసు షీట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. శివాజీ తల మీద ఇప్పుడు వేరేవాళ్ల పేరు వేలాడుతోంది.

"మళ్లీ పేరేటండీ? గోడ మీద రాసుంది కదా," అన్నాడు.

"మీ నోటితో చెప్పాలి."

"అచ్ఛా. అయితే శంకరరావు," అన్నాడు, గోడ మీదున్నది చదివేసి, మొహం గంభీరంగా పెట్టి.

ఇప్పుడైనా నవ్వుతుందనుకున్నాడు. ఆమె తలూపి, అతని చెయ్యి పట్టుకుని దూదితో తుడిచింది. మెత్తటి వేళ్లు. తనకి ఇంజెక్షన్ ఎందుకని అడగాలన్న ధ్యాస కూడా పోయింది మహానుభావుడికి.

కిటికీ పక్క మంచం మీంచి ఓ ముసలాయన లేచి కూర్చున్నాడు.

"ఓలమ్మా, శంకర్రావుని నాను. ఆ సూది నాది. సుగరు నాకు గానీ ఆ బాబుకి కాదు."

సూది అక్కడే ఆగిపోయింది. ప్రసూన మొహం పాలిపోయింది. ముసలాయన పేరు అడిగి, అతని షీటు తెచ్చి చూసి, ఇవ్వాల్సింది ఇచ్చింది. తరవాత బయటికి వెళ్లిపోయింది.

వరండాలోంచి ఆమె స్నేహితురాలు కనకమహాలక్ష్మి గొంతు వినిపించింది. "పిచ్చేటి నీకు? ఎవులూ చూళ్లేదు. కిందటి బ్యాచిలో తప్పు చెప్పుకున్న పిల్లని ఇంటికి పంపేసినారు, యాద్ లేదా? ఊరుకో."

"ఊరుకుంటే రేపు ఇంకొకరికి గుచ్చేస్తారు. పంపేస్తే పంపేయనీ." ప్రసూన అడుగులు నర్సింగ్ పాఠాలు చెప్పే సిస్టర్ ట్యూటర్ గదివైపు సాగాయి.

శివాజీకి సంగతి అర్థమైంది. తన వెటకారానికి ఆమె చదువు పోతోంది. చంకకర్రలు అందుకుని, ఒంటికాలి మీద పడుతూ లేస్తూ ఆ గదికి చేరాడు.

"మేడమ్, తప్పు నాది," అన్నాడు హిందీలో. "సిగ్నల్ కనబడగానే దాని రంగు డ్రైవరూ నేనూ ఇద్దరం పైకి చెప్పుకుంటాం. అక్కడ నేను సరదాకి ఎర్రదాన్ని ఆకుపచ్చ అంటే ఎంతమంది పోతారు? ఇక్కడ అదే పని చేశాను. ఆవిడ పేరడిగితే వేరే పేరు చెప్పాను. ఆవిణ్ణి పంపేయకండి."

సిస్టర్ ట్యూటర్ కళ్లజోడు పైనుంచి చూసింది. "మీరు అబద్ధం చెప్పారా? ఆ మాట తను అనలేదే. మనిషినీ షీటునీ సరిచూడలేదు, తప్పు నాది అని మాత్రమే అంది."

అప్పుడు చూశాడు, తలుపు వెనక తలొంచుకుని నిలబడ్డ ప్రసూనని.

"తనని ఎందుకు పంపుతాను?" అంది ట్యూటర్. "తను చెప్పబట్టే కదా షీట్లు కదపలేదని తెలిసింది. వాటిని మార్చమని ఇప్పుడే ఆయాల్ని పంపించాను."

"కిందటేడు ఒకమ్మాయిని..." అంది ప్రసూన మెల్లగా.

"ఆ అమ్మాయి దాచింది. రోగికి ప్రాణం మీదికొచ్చేదాకా దాచింది. చెప్పినందుకు పంపామని ఎవరన్నారు? అందరూ అదే అనుకుంటున్నారా?"

ప్రసూన తలూపింది. ట్యూటర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే అలా అనుకోనిచ్చిన తప్పు మాది. అసలు సంగతి క్లాసులో నేనే చెప్తాను. ఇక డ్యూటీకి వెళ్లు."

వరండాలోకి రాగానే ప్రసూన స్తంభానికి ఆనుకుని కళ్లు తుడుచుకుంది. ఏడుస్తోందా నవ్వుతోందా అంటే రెండూను. శివాజీ చంకకర్రల మీద పక్కకి చేరాడు.

"నా సంగతి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మీరేం చెప్పినా చూసుకోవాల్సింది నేనే. అయినా మీ మీద చాలా కోపంగా ఉంది."

"ఉండనీండి. మీరు వెళ్లిపోతారేమోనని నాకు చెడ్డ భయమేసింది."

ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. బయట వాన జోరందుకుంది.

"ప్లాస్టర్ తీశాక బిల్హా వస్తాను. మీ నాన్నగారితో మాట్లాడాలి," అన్నాడు.

"ఏటి మాట్లాడతారు?"

"ముందు నేను చేసిన తప్పు చెప్తాను. తరవాత మిగతాది."

"ఆ మిగతాది ముందు నాకు చెప్పండి."

వాన చప్పుడులో వినబడదేమోనని శివాజీ కాస్త దగ్గరికి జరిగి చెప్పాడు. ప్రసూన అంతా విని, జారిపోతున్న చంకకర్రని సరిగ్గా నిలబెట్టింది.

"నాన్న ఆదివారాలు ఇంట్లోనే ఉంటారు," అంది.