పొగ ముందా, తీపి ముందా

“రేపు పొద్దున పదకొండింటికి మీ మామయ్య చెయ్యి కోటు జేబులోకి వెళ్ళిందంటే, కాల్చెయ్,” అన్నాడు చీఫ్.

డ్రైక్లీనింగ్ షాపు వెనక గది అది. ముందు గదిలో ఇస్త్రీ ఆవిరి బుసకొడుతోంది. హ్యాంగర్లకు వేలాడే కోట్లను పక్కకు తోస్తే ఇనప తలుపు, దాని వెనక డిపార్ట్‌మెంట్. బయటికి వెళ్ళే ప్రతి ఏజెంటూ చేతిలో ఓ ఇస్త్రీ చొక్కా పట్టుకునే వెళ్ళాలని రూలు. ఊళ్ళో మడత నలగని వాళ్ళందరూ మన వాళ్ళేనని శత్రువులు ఎప్పుడో కనిపెట్టేసి ఉంటారని ఏజెంట్ల మధ్య ఓ జోకు.

చీఫ్ ఎదురుగా కూర్చున్న ఏజెంటును అందరూ తూకం అంటారు. ఎవరేం చెప్పినా వెంటనే నమ్మడు, వెంటనే కొట్టిపారెయ్యడు. ఒక తట్టలో మాట, రెండో తట్టలో మనిషిని పెట్టి, ముల్లు ఎటు మొగ్గుతుందో చూస్తాడు. ఇప్పుడు మాత్రం ముల్లు కదల్లేదు.

“కారణం చెప్పండి సార్.”

చీఫ్ ఫైలు తెరిచాడు. బ్రీఫింగ్ రెండే నిమిషాలు. సరిహద్దు ఒప్పందం కోసం రెండు దేశాలూ పన్నెండేళ్ళుగా మాట్లాడుకుంటున్నాయి. చర్చలు మొదలైన రోజున మన రాయబారికి ఒక ముచ్చట పుట్టింది. ఆయనకు పైపు అలవాటు, అవతలి రాయబారికీ పైపే. ఆ రోజు కలిపిన పొగాకును డబ్బాలో పెట్టి సీలు వేయించాలి, సంతకాల రోజున తెరిచి ఇద్దరూ కలిసి కాల్చాలి. ఆ డబ్బా అప్పటినుంచీ ఒక బ్లెండర్ షాపులో ఊరుతోంది. నాలుగు రకాల ఆకు కలిపి రుచి కుదిర్చే ఆ బ్లెండరు తూకానికి స్వయానా మేనమామ.

“సరిహద్దులో కాల్పులు ఆగితే కొలిమి ముఠాకు బేరం ఆగిపోతుంది. రెండు వైపులా తుపాకులు అమ్మేది వాళ్ళే. వాళ్ళ మెసేజ్ దొరికింది.” చీఫ్ కాగితం జరిపాడు. అందులో ఒకే వాక్యం. *బహుమతి సిద్ధం, అంటించడమే తరువాయి.*

“డబ్బా ఎక్కడుంది?”

“మొన్ననే మన ఏజెంటు నెమలి దాన్ని షాపునుంచి తెచ్చింది. ల్యాబ్‌లో ఎక్స్‌రే తీశారు. వైర్లు లేవు, బాంబు లేదు. సీలు సీలులాగే ఉంది. అంటే ప్రమాదం డబ్బాలో లేదు, తెరిచేవాడి దగ్గర ఉంది. మూత తీసి మొదటి పైపు నింపేది బ్లెండరే కదా.”

నెమలి మూడేళ్ళుగా కొలిమి ముఠాలో మసలుతున్న డిపార్ట్‌మెంట్ మనిషి. రేపటి మీటింగులో దుబాసీ వేషం. ఈ మెసేజ్ తెచ్చింది ఆవిడే, మామయ్య పేరు చెప్పిందీ ఆవిడే.

చీఫ్ బల్లమీద ఒక పిస్టలు, ఒక పెన్ను పెట్టాడు. “దగ్గర్లో పేలుడు మందుగానీ విషవాయువుగానీ ఉంటే పెన్ను కొస ఎర్రబడుతుంది. లేకపోతే పచ్చలైటు.”

“నన్నే ఎందుకు పంపుతున్నారు?”

“వేరేవాడైతే తొందరపడి కాలుస్తాడు. నువ్వు చివరిదాకా చూస్తావు.” చీఫ్ ఫైలు మూశాడు. “చూసి కూడా కాల్చలేకపోతే కంగారుపడకు. ఫొటోగ్రాఫర్ వేషంలో ఇంకొకడుంటాడు.”

తూకం తన ఇస్త్రీ చొక్కా తీసుకుని బయటపడ్డాడు.

*

మామయ్య షాపు సన్నటి సందులో ఉంది. కౌంటరు మీద ఇత్తడి త్రాసు, గోడ పొడుగునా చెక్క సొరుగులు, పై అరలో సీలు వేసిన డబ్బాలు. పై అరలో ఒకచోట దుమ్ము మధ్య గుండ్రటి శుభ్రమైన మచ్చ. పన్నెండేళ్ళు ఒక డబ్బా కూర్చుని లేచిన చోటు. లోపలి గది తలుపుకు కొత్త తాళం.

తూకం గడ్డం అతికించుకుని, లావుపాటి కళ్ళజోడుతో, పొరుగు దేశపు పొగాకు కొనుగోలుదారులా వచ్చాడు.

“ఇంగ్లిష్ మిక్స్చర్ పొగాకు చూపించండి. పాతది.”

మామయ్య ఒక పళ్ళెంలో కాస్త పొగాకు పెట్టాడు. తూకం చిటికెడు తీసి, మూడు వేళ్ళతో విడదీసి, ముక్కుకు కాకుండా ముందు పెదవికి ఆనించి, ఆ తర్వాత వాసన చూశాడు.

“గడ్డం బాగానే అతికించావురా,” అన్నాడు మామయ్య. “చిటికె మాత్రం నేను నేర్పిందే.”

తూకం కళ్ళజోడు తీశాడు. డిపార్ట్‌మెంట్ మేకప్ మనిషి రెండు గంటలు పడ్డ కష్టం రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

“ఆరేళ్ళకు దారి తెలిసిందా అల్లుడూ? మీ అత్తయ్యకు ఇన్సూరెన్స్ ఉద్యోగమని చెప్పావుట. ఇన్సూరెన్స్ వాడికి పెట్టుడు గడ్డం ఎందుకు? తగలబడితే క్లెయిమ్ చేసుకోడానికా?”

“మీరు మారలేదు మామయ్యా.”

“నేను మారకపోతే నువ్వు గడ్డంతో ఎందుకొస్తావు?”

ఆ మాట ఏ తట్టలో వెయ్యాలో తూకానికి తెలియలేదు. మామయ్య ఇంకో పళ్ళెం తెచ్చి మొదటిదాని పక్కన పెట్టాడు. తూకం పదిహేనేళ్ళ వయసులో ఈ కౌంటరు దగ్గర పని నేర్చుకున్నప్పుడు రోజూ జరిగిన పరీక్షే.

“చెప్పు. ఏది ముందు?”

తూకం రెండూ వాసన చూశాడు. “దీంట్లో పొగ ముందు, తీపి వెనక. దాంట్లో తీపి ముందు, పొగ వెనక. ఇది ఈ ఏడాదిది, అది పదేళ్ళది.”

“మర్చిపోలేదన్నమాట.” మామయ్య నల్లటి ఆకు ముక్క ఒకటి ఏరి వెలుగులో పట్టుకున్నాడు. “ఈ లటాకియాను కట్టెల పొగలో ఎండబెడతారు. కొత్తలో దీని నోరు పెద్దది, ఇంకెవర్నీ మాట్లాడనివ్వదు. డబ్బాలో ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదిస్తుంది. అప్పుడు వర్జీనియా ఆకులోని తీపి బయటికొస్తుంది.”

“వయసుతో ఘాటు తగ్గుతుందన్నమాట. మనుషులకూ అంతేనా?”

“ఒకసారి ఇంటికొచ్చి మీ అత్తయ్యను చూసి మాట్లాడు.”

తూకం నవ్వుతూనే తాళం వైపు చూశాడు. “ఎప్పుడు మార్చారు?”

“పోయిన వారం. పాతదాన్ని ఎవరో కెలికారు.”

నిజం కావచ్చు. కెలికినవాడు బయటివాడని చెప్పుకోడానికి తానే మార్చి ఉండనూ వచ్చు. అంతలో మామయ్య చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. తూకం భుజం తనంతట తానే బిగుసుకుంది. జేబులోంచి వచ్చింది చిన్న భూతద్దం.

“కళ్ళు మునుపటిలా లేవురా. ముదిరిన ఆకు మీద సన్నటి పలుకులు మెరుస్తాయి, చక్కెర చల్లినట్టు. అవి చూడాలంటే ఇది కావాలి.” ఆకును పరీక్షగా చూస్తూ మామయ్య మామూలుగానే అడిగాడు. “అవునూ, రేపు ఆ హాల్లో కిటికీలు మూసే ఉంచుతారు కదా?”

“ఎందుకు?”

“ఉంచమను. తెరిస్తే పాడవుతుంది.”

ఏది పాడవుతుందో ఆయన చెప్పలేదు, తూకం అడగలేదు. షాపు దిగి సందు చివరికి వచ్చేసరికి కొత్త తాళం, జేబు, కిటికీలు అన్నీ ఒకే తట్టలో చేరాయి. రెండో తట్టలో మామయ్య ఒక్కడే ఉన్నాడు.

*

సాయంత్రం నాలుగింటికి కాఫీ హోటల్లో, నీలం స్కార్ఫు కట్టుకున్న ఒకామె అతని బల్ల దగ్గర ఆగింది.

“ఈ కుర్చీ ఖాళీయేనా?”

“ఒక కాలు పొట్టి. చూసి కూర్చోండి.”

కోడ్ కలిసింది. నెమలి కూర్చుంది. ఆమె లోపలికి వచ్చినప్పుడు హోటల్లో సగంమంది చెంచాలు ఆగాయి. గూఢచారికి అంత అందం మంచిది కాదు. అయినా మూడేళ్ళుగా ఎవరికీ దొరకలేదంటే, మనిషి గట్టిదైనా అయ్యుండాలి, లేకపోతే దొరకాల్సిన వాళ్ళకే పనిచేస్తూనైనా ఉండాలి. తూకం రెండూ తూచి, రుజువు లేని రెండోదాన్ని పక్కన పెట్టాడు.

“సొంత మామయ్య మీద చెప్పాల్సి వచ్చింది. ఏమీ అనుకోకండి తూకం గారూ.”

“మీ పని మీరు చేశారు. డబ్బా తెచ్చినప్పుడు ఆయన ఏమన్నాడు?”

“జాగ్రత్త, పాపాయిని ఎత్తుకున్నట్టు ఎత్తుకోమన్నాడు. సీలు మీద చెయ్యి కూడా వెయ్యకుండా తెచ్చి ల్యాబ్‌కిచ్చాను.” ఆమె కాఫీ కలుపుతూ ముందుకు వంగింది. “రేపు ఆయన మూత తియ్యగానే పొగ వాసన గుప్పుమంటుంది. అందరూ డబ్బా వైపే చూస్తారు. మీరు మాత్రం ఆయన చెయ్యి చూడండి.”

సలహా బాగానే ఉంది. కానీ అందులో గురివింద గింజంత తేడా ఏదో ఉన్నట్టనిపించింది. అదేమిటో తెలియక తూకం తనకు బిల్లు తెచ్చిన మనిషిని కూడా అనుమానంగా చూశాడు.

*

పదకొండుకు ఐదు నిమిషాలు. హాలు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పొడుగాటి బల్లకు అటొక రాయబారి, ఇటొక రాయబారి, మధ్యలో ఒప్పందం కాగితాలు. మన రాయబారి కుర్చీ వెనక నీలం స్కార్ఫుతో నెమలి. గోడ పక్కన ఫొటోగ్రాఫర్, అతని కుడిచెయ్యి కెమెరా బ్యాగులోనే ఉంది. తూకం తెల్ల కోటు వేసుకుని, మంచినీళ్ళ జగ్గు ఉన్న ట్రేతో మామయ్యకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. మామయ్య పెళ్ళినాటి నల్లకోటు వేసుకుని వచ్చాడు. మేనల్లుడి వేషం చూసి కూడా చూడనట్టే ఉన్నాడు.

“కానివ్వండి, పన్నెండేళ్ళు ఆగాను, ఇంక ఆగలేను,” అన్నాడు మన రాయబారి. నెమలి దాన్ని అవతలి భాషలో చెప్పింది. అవతలాయన నవ్వాడు.

మామయ్య మూత అంచున నాణెం పెట్టి తిప్పాడు. డబ్బా సన్నగా బుస్సుమంది. మూత లేచింది.

గది నిండా వాసన పరుచుకుంది. కట్టెల పొగ, తోలు, తారు. గుప్పుమంది.

రాయబారులు ఆహా అన్నారు. తూకం జేబులో పెన్ను పచ్చగానే వెలుగుతోంది. మామయ్య ముఖం మాత్రం తెల్లబోయింది. ఆయన చెయ్యి మెల్లగా కోటు జేబులోకి వెళ్ళింది.

కెమెరా బ్యాగులో చెయ్యి కదిలింది.

తూకం ఊపిరి పీల్చాడు. పొగ ముందు. తీపి చాలా వెనక. ఇది పన్నెండేళ్ళ సరుకు కాదు, పన్నెండు వారాలది కూడా కాదు. అంటే డబ్బా మారింది. మార్చింది మామయ్యా? ముల్లు ఒక్కసారిగా వాలింది. ఈ మనిషి పగబట్టి రెండు దేశాలనూ చంపాలనుకుంటే చంపుతాడేమోగానీ, నిన్నటి లటాకియాను పన్నెండేళ్ళదని చెప్పి బల్లమీద మాత్రం పెట్టడు. విషం కలపదలచుకుంటే అసలు డబ్బాలోనే కలిపేవాడు.

ఒక్క అడుగు పక్కకు వేసి, మామయ్యకూ కెమెరా బ్యాగుకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

ఈలోగా మన రాయబారి ఆగలేక తానే పొగాకు తీసి రెండు పైపులూ కూరేశాడు. “కాగితాలేవో మర్చిపోయాను, ఇప్పుడే వస్తాను,” అంటూ నెమలి తలుపు వైపు నడిచింది. రెండు దేశాలు మాట్లాడుకోబోయే నిమిషంలో దుబాసీ బయటికి వెళ్ళిపోతోంది. గురివింద గింజ దొరికింది. ఎవరూ తెరవని డబ్బాలో పొగ గుప్పుమంటుందని ఈవిడకు నిన్ననే ఎలా తెలుసు?

అగ్గిపుల్ల భగ్గుమంది. మంట పైపుకు వేలెడు దూరంలో ఉంది.

జగ్గెడు నీళ్ళు రాయబారి పైపు మీద, చేతి మీద, సూటు మీద, సగం ఒప్పందం మీద పడ్డాయి.

“తలుపు మూయండి,” అన్నాడు తూకం.

ఫొటోగ్రాఫర్ ఒక్క క్షణం ఆలోచించి, తుపాకీని మామయ్య మీంచి తలుపు వైపు తిప్పాడు. నెమలి ఆగిపోయింది.

“ఏ పొగాకైనా పొగ వాసనే కదా వస్తుంది,” అంది, అడగకముందే.

“ముదిరినదాంట్లో తీపి ముందొస్తుందండీ,” అన్నాడు మామయ్య. ఆయన చేతిలో భూతద్దం ఉంది, చూపు ఆకు మీద ఉంది. “ఒక్క పలుకు లేదు. ఇది నా డబ్బా కాదు. ఎవరు కలిపారో చెయ్యి విరగ్గొట్టాలి.”

“సీలు విప్పని డబ్బాలో వాసన మీకు తెలిసిందంటే,” అన్నాడు తూకం ఆమెతో, “సీలు వేసినప్పుడు మీరక్కడే ఉన్నారు.”

నెమలి స్కార్ఫు సర్దుకుంది. “పాతబడేకొద్దీ ఘాటు పెరుగుతుందనుకున్నాం. అన్నిటికంటే ఘాటైన ఆకును వెతికి మరీ తెప్పించాం.”

“ఒక్కసారి నన్నడగాల్సింది,” అన్నాడు మామయ్య, వ్యాపారం పోయిన బాధతో.

*

మధ్యాహ్నానికి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పొగాకులో కలిపిన పొడి కాలితేనే విషమవుతుంది, అందుకే పెన్ను పచ్చగా ఉండిపోయింది. కిటికీలు మూసిన గదిలో మూడు నిమిషాలు చాలు. పోయిన వారం మామయ్య షాపు తాళం కెలికింది కూడా ముఠావాళ్ళే, అచ్చం అలాంటి ఖాళీ డబ్బా, సీలు కోసం. అసలు డబ్బా నెమలి కారు డిక్కీలో, చీరల మధ్య భద్రంగా దొరికింది. ఎందుకు పారెయ్యలేదని అడిగితే, ముఠా నాయకుడికి కూడా పైపు అలవాటని చెప్పింది.

మూడింటికి ఆరబెట్టిన కాగితాల మీద సంతకాలు జరిగాయి. ఈసారి మూత లేవగానే ఎండుద్రాక్ష, తేనె, ఎక్కడో చాలా వెనక ఆరిపోయిన పొయ్యి. మామయ్య రెండు పైపులూ నింపి ఇచ్చి, మిగిలిన కొసరుతో తన పైపు వెలిగించుకుని, వరండాలో తూకం పక్కన కూర్చున్నాడు.

“కిటికీలు ఎందుకు మూయమన్నారు మామయ్యా?”

“గాలి తగిలితే పైపు వేడెక్కుతుంది. రుచి పాడవుతుంది. చిన్నప్పుడే చెప్పాను కదరా.”

తూకం తల దించుకున్నాడు. మామయ్య రెండు దమ్ములు లాగి, ఫొటోగ్రాఫర్ వెళ్ళిపోతున్న వైపు చూశాడు.

“ఆ బ్యాగులో తుపాకీ నాకోసమేనటగా. నీ ట్రే కింద ఉన్నదీ నాకోసమేనా?”

“ఊఁ.”

“ఇంతకీ నా మీద మీ అనుమానం ఎప్పటిది?”

“నిన్న పొద్దుటిది, మామయ్యా.”

“అదీ సంగతి,” అన్నాడు మామయ్య, పైపు నోట్లోంచి తీసి. “పచ్చి సరుకు. అందుకే అంత ఘాటు.”