రెప్ప కింది రంగు

ఉయ్యూరు దాటాక కాలవ పక్కన సంజీవరావు గారి పాత మేడ ఉంది చూశారూ... పొద్దుగూకాక ఆ దారిన బర్రెల్ని కూడా తోలేవాళ్ళు కాదు. లోపల గోడ మీద ఒకావిడ బొమ్మ. పగలు చూస్తే కళ్ళు దించుకుని పద్ధతిగా ఉండేది. రాత్రి దీపం పట్టుకుని వెళ్తే మాత్రం... కళ్ళు తెరిచి చూసేదట!

ఇది మా మేనకోడలు సింధూరి తన నోటితో నాకు చెప్పిన మాట. దానికి అబద్ధాలాడ్డం రాదు. భయపడ్డం అసలే రాదు. అచ్చం నా పోలిక.

దాని ఉద్యోగమే ఒక విడ్డూరం. గుడి గోడలు, కలంకారీ గుడ్డలు, పాత పటాలు, వీటి మీంచి ఆవగింజంత రంగు పెచ్చు తీసి, గాజు గొట్టంలో వేసి, పేరు రాసి దాస్తుంది. గవర్నర్‌పేటలో వాళ్ళ ఆఫీసు నిండా ఇవే!

"ఇదేం ఉద్యోగమే, చెత్త దాచుకోవడం?" అన్నానొకసారి.

"చెత్త కాదత్తా. ఆ పెచ్చుని అడ్డంగా కోసి చూస్తే పూతరేకు మడతల్లా పొరలుంటాయి. ఏ రంగు ముందు వేశారో, ఏది తర్వాత పూశారో తెలుస్తుంది. రేపు బొమ్మ పాడైపోయినా ఈ పెచ్చు సాక్ష్యం చెప్తుంది" అంది.

వాళ్ళకో నియమం ఉంది. బాగున్న రంగు జోలికి పోకూడదు. అప్పటికే పగిలిన చోట, ఆ అంచు నుంచే తియ్యాలి.

ఆ మేడని తెల్లారితే కూలగొట్టేస్తున్నారని కబురొచ్చింది. ఉన్నపళంగా బయల్దేరింది పిల్ల. వానలో బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుపోయి, అక్కడికి చేరేసరికి చీకటి పడిపోయింది.

మేడకి కాస్త దూరంలో కొత్తింట్లో ఉంటున్న సంజీవరావు గారు తాళంచెవి ఇవ్వడానికి తెగ నసిగారు.

"ఇప్పుడొద్దమ్మా. ఆవిడ మా నాయనమ్మ, పద్మావతమ్మ గారు. రాత్రిళ్ళు... చూస్తుంది."

"చూడనివ్వండి. నేను వెళ్ళేదీ చూడ్డానికేగా!"

"ఆ చూపు వల్లే మా ఇంటికి ఏదీ కలిసిరాలేదు. రేపటితో పీడ విరగడైపోతుంది."

సింధూరికి ఒళ్ళు మండింది. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో! ఇంకా తప్పంతా ఆవిడదేనా?

తలుపు తోసింది. గబ్బిలాల కంపు... కరెంటు లేదు. కిటికీలోంచి కొట్టుకొచ్చిన ఎండుటాకులు నేలంతా పరుచుకుని ఉన్నాయి. టార్చి వేస్తే బొమ్మ కళ్ళు దించుకునే ఉంది.

పగుళ్ళు ఎక్కడున్నాయో తెలియాలంటే వెలుతురు పక్క నుంచి పడాలట. టార్చిని గోడకి ఆనించి అడ్డంగా వేసింది—

కళ్ళు తెరుచుకున్నాయి!

"గుండె ఆగినంత పనైందత్తా" అంది నాతో. కానీ అడుగు వెనక్కి వెయ్యలేదు. "నాయనమ్మ గారూ... నన్ను తరమాలంటే ఇది చాలదండీ" అని గొణిగి, సంచీలోంచి భూతద్దం తీసింది.

ఎడమ రెప్ప మీద సన్నటి పగులు. అందులోకి చూసింది. పైన ఒంటి రంగు. దాని కింద దీపాల మసి. మసి కింద... కంటి తెల్లగుడ్డు, నల్లటి కనుపాప!

అదీ సంగతి. మొదట ఆవిడ్ని సూటిగా చూస్తున్నట్టే వేశారు. ఏళ్ళ తరబడి మసి పట్టాక, ఎవరో పైన రెప్పలు పూసి ఆ కళ్ళు మూసేశారు. పక్క నుంచి వెలుతురు పడితే కింది గీతల ఉబ్బు బయటపడుతోంది, అంతే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

పగులు అంచున చిన్న పెచ్చు తీసి గొట్టంలో వేసుకుంది. వెనక్కి తిరిగింది...

టిక్.

ఆగింది. ఎవరూ లేరు.

టిక్... టిక్...

వెనకాల ఎండుటాకుల మీద ఎవరో మెల్లిగా అడుగేస్తున్నట్టు! "ఎవరది?" అంది. వెనక్కి చూడకుండా బయటికొచ్చి, తాళం వేసి మరీ నడిచొచ్చిందట. పరుగెత్తలేదట. సరే, నమ్మాను.

"ఆ రెప్పలు తర్వాత పూసినవండీ. ఎవరు పూయించారు?" అని నిలదీసింది సంజీవరావు గారిని.

"తాతయ్య" అన్నారాయన, ఎటో చూస్తూ. "ఆడమనిషి అంత సూటిగా చూస్తే ఇంటికి మంచిది కాదని..."

తెలుసు! ఈ పెద్దమనిషికి ముందే తెలుసు! అయినా కూలగొట్టడం ఆపనన్నారు. తాళంచెవి మొలతాడుకి ముడేసుకుని పడుకున్నారు. బస్సుల్లేక సింధూరి ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉండిపోయింది.

తెల్లారింది. మేస్త్రి పుల్లయ్య గునపం పట్టుకుని లోపలికెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు.

"అయ్యా... కళ్ళు మూసుకున్న బొమ్మయితే కొట్టేవాణ్ణి. చూస్తున్న మనిషిని ఎట్టా కొట్టేదయ్యా?"

అందరూ లోపలికి పరుగెత్తారు. పట్టపగలు... రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి!

"నువ్వే గీకేశావు కదూ!" అని అరిచారు సంజీవరావు గారు.

సింధూరి గొట్టం చూపించింది. "నేను తీసింది ఇదొక్కటే. గీకితే పొడిగా రాలుతుందండీ. కిందకి చూడండి."

ఎండుటాకుల మీద రెండు పెచ్చులు. రెప్పలు రెప్పల్లాగే ఊడిపడి ఉన్నాయి.

ఎన్నాళ్ళకో తలుపు తీస్తే వానగాలి లోపలికి కొట్టి, తేమ మారి రంగు ఊడుతుందని, రాత్రి విన్న చప్పుడు అదేనని సింధూరి అంటుంది. అవుననుకుందాం. గోడంతా పగుళ్ళేనాయె, ఆ రెండు రెప్పలే ఊడాయేమే అని అడిగా. గొట్టం మీద పేరు సరిగ్గా అతికిందో లేదో చూసుకోవడం మొదలెట్టింది పిల్ల.

సంజీవరావు గారు పుల్లయ్య చేతిలో గునపం లాక్కున్నారు. తనే ఎత్తారు. ఎదురుగా పద్మావతమ్మ గారు... సూటిగా చూస్తోంది.

ఎత్తిన గునపం అలాగే కాసేపుంది. తర్వాత మెల్లిగా కిందికి దిగింది.

ఆయన కళ్ళు దించుకున్నారు.