వస్తానన్నావుగా

సాయంత్రం ఆరు గంటలు. ముసురు పట్టి ఉంది. ఇస్త్రీ దుకాణంలో పని ముగించుకుని తడుస్తూనే ఇంటికొచ్చాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. హాల్లో టేబుల్ మీద మా అమ్మాయి ఫోను, ఛార్జింగుకి పెట్టి. అమ్మాయి లేదు.

నా అనుమానం అక్కడే మొదలైంది. స్నానానికి వెళ్ళినా ఫోను వెంట తీసుకెళ్ళే పిల్ల అది.

చిన్నప్పుడు దాన్ని వసపిట్ట అనేవాళ్ళం. నోరు మూతపడేది కాదు. ఆయనది బస్సు డ్రైవరు ఉద్యోగం. డిపో మారి ఈ ఊరొచ్చాక దానికి మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. కొత్త కాలేజీలో పక్కన కూర్చుని తినే మనిషి లేదు. ఫోనులో మాత్రం వందల మంది స్నేహితులు. వీళ్ళంతా ఒకేరోజు భోజనానికొస్తే అమ్మ ఇల్లొదిలి పారిపోతుందని వాళ్ళన్నయ్య, మా పెద్దాడు, ఏడిపించేవాడు. అది నవ్వేది కాదు. ఫొటో పెట్టేది. ఎవరు మెచ్చుకున్నారో చూస్తూ చూస్తూ అలాగే నిద్రపోయేది.

ఈమధ్య ఒక్కరితోనే రాతలు. పేరు ‘తోడు’. ముఖం ఉండాల్సిన చోట మూసిన కిటికీ బొమ్మ. ఎవడో కుర్రాడనుకున్నాను. ఆయనతో అంటే, నీకు అనుమానం ఉగ్గుపాలతో పట్టారన్నారు.

ఆ ఫోను తెరిచే గీత నాకు తెలుసు. దానికి తెలియకుండా వెనకనుంచి చూసి పెట్టుకున్నాను. తెరిచాను.

మొదటి రోజు మాటలన్నీ అయ్యాక అమ్మాయి రాసింది, సరే వస్తా అని. మనందరం అనేదే. వెళ్తాననకూడదని నేర్పింది నేనే.

తోడు అడిగింది. ‘ఎప్పుడు?’

అమ్మాయి నవ్వు బొమ్మ పెట్టింది. మర్నాడు మాట మార్చింది, సరే ఉంటా మరి అని.

‘నిజంగా? నాతోనేనా?’

ఆ తర్వాత మా అమ్మాయి దాన్ని సరిదిద్దడం మానేసింది. రోజూ వస్తాననేది. రోజూ అటునుంచి అదే. ‘వస్తానన్నావుగా. కూర్చునే ఉన్నాను.’ ఒకరోజు దానికి అమ్మాయి జవాబు రాసింది, నాకోసం ఎవరైనా ఎదురు చూడటం ఇదే మొదటిసారి అని.

నేను రోజూ ఎదురు చూసేదాన్ని. అది లెక్కలోకి రాలేదు కాబోలు.

అమ్మాయి చివరి మాట ఇవాళ్టిది. ‘ఇప్పుడే వస్తా.’ దాని కింద తోడు పంపిన ఫొటో. ఏదో కిటికీలోంచి తీసింది. మా బాల్కనీ. పొద్దున నేను ఆరేసిన దుప్పటి. దాని వెనక నేను, నోట్లో క్లిప్పుతో.

ఎదురు భవనం. రెండో అంతస్తు. మేం వచ్చిన దగ్గర్నుంచీ దానికి తాళమే.

ఫోను పట్టుకుని పరిగెత్తాను. ఆ భవనం కింద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీని అడిగాను. తలెత్తకుండానే చెప్పాడు, మీ అమ్మాయి ఇందాకే నవ్వుకుంటూ పైకెళ్ళిందని. ఎవరితో అన్నాను. ముందు ఒకామె నడిచిందన్నాడు. ముఖం చూడలేదన్నాడు.

మెట్ల మీద వెలుతురు లేదు. తడి ఆరక ముక్కిపోయిన బట్టల వాసన. ఆ వాసన మధ్యే నా బతుకు. కానీ అక్కడ బట్టలేవీ లేవు.

రెండో అంతస్తు. తలుపు తెరిచే ఉంది. లోపల్నుంచి మాటలు...

మా అమ్మాయి గొంతు. గలగలా, ఊపిరి తిప్పుకోకుండా, చిన్నప్పటిలా. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది.

లోపలికి అడుగు పెట్టాను. చీకటి. గచ్చంతా దుమ్ము. గుమ్మం నుంచి లోపలికి దాని తడి చెప్పుల గుర్తులు. దానివే... ఇంకెవరివీ లేవు. రెండు కుర్చీలు, ఎదురెదురుగా. ఒకదాంట్లో అది. రెండోది ఖాళీ.

“ఎవరే ఇక్కడ?”

“మెల్లగా అమ్మా.” గుసగుసగా అంది. “ఇంతసేపూ కూర్చునే వింది. నిన్ను చూసి లేచింది.”

చెయ్యి పట్టుకుని లాగాను. గింజుకుంది. ఇంకాసేపు అంది. ఇంకా సగం కూడా చెప్పలేదంది. దాని వేళ్ళు చల్లగా... ముడతలు పడి ఉన్నాయి, చాలాసేపు నీళ్ళలో నానినట్టు.

ఎలాగో గుమ్మం దాటించాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది. ఎవరింటి నుంచి కదిలినా అలవాటుగా వచ్చేదే.

“వస్తాం.”

నా చేతిలో ఫోను వణికింది.

‘ఎవరెవరు?’

వెనక్కి చూడలేదు. మెట్లు, వీధి, మళ్ళీ మెట్లు... ఎలా దిగామో, ఎలా ఎక్కామో తెలియదు. అమ్మాయిని మంచమ్మీద కూర్చోబెట్టి తల తుడిచాను. అది కిటికీ వైపే చూస్తోంది. ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఎందుకలా పెట్టానో నాకే తెలియదు.

పెద్దాడు వచ్చాడు. వెనకాలే ఆయన డ్యూటీ దిగి వచ్చారు. చొక్కా విప్పుతూ నన్నే కసిరారు.

“మనిషిని మెట్ల మీద నిలబెట్టేస్తావేంటే? పాపం, తడిసి ముద్దయింది. నువ్వూ అమ్మాయీ వస్తామన్నారట, రాకపోయేసరికి తనే వచ్చిందట. లోపలికి రండమ్మా అన్నాను.”

గదులన్నీ తిరిగాను. మంచాల కింద చూశాను. ఎవరూ లేరు. హాల్లో నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఆయన వచ్చారు. పెద్దాడు వచ్చాడు. అమ్మాయి వచ్చింది. నేను వచ్చాను.

నలుగురం క్షేమం.

వీధి తలుపుకి లోపల గడియ వేసి ఉంది. అమ్మాయి మంచం దిగనేలేదు. ఎవరు వేశారని అడిగాను. నేను కాదన్నారు ఆయన. నేనూ కాదన్నాడు పెద్దాడు.